స్వార్థం కలిసిన భక్తిని చూసి దేవుడు సంతోషిస్తాడా?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు రాస్తాను, తప్పుంటే సరిదిద్దు. నీకు 26 ఏళ్ళు. ఆరేళ్ళుగా సంఘంలో క్వయర్‌లో పాడుతున్నావు. గ్రూప్ 2కి చదువుతూ, ఉద్యోగం వస్తే మొదటి జీతం మొత్తం దేవునికి ఇస్తానని మొక్కుకున్నావు. నీకు రాలేదు. నీ పక్కన నిలబడి పాడే అమ్మాయికి వచ్చింది. ఆదివారం సంఘం ముందు దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకుంటూ ఆమె సాక్ష్యమిస్తుంటే అందరితో పాటు చప్పట్లు కొట్టావు గానీ, లోపల మండిపోయింది. ఆ మరుసటి వారమే "హృదయశుద్ధిగలవారు ధన్యులు" అని వర్తమానం, అంటే ప్రసంగం. అప్పట్నుంచి నిద్ర లేదు. "నేను పాడింది దేవుని మీద ప్రేమతో కాదు, ఉద్యోగం కోసం. ఇలాంటి నన్ను చూసి ఆయన సంతోషిస్తాడా? క్వయర్ మానెయ్యనా?" అని అడిగావు.

మానొద్దు. మిగతాది తీరిగ్గా చెబుతాను.

నేను పాస్టరును కాను. గుంటూరు వైపు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగిన బడిపంతుల్ని. ముప్ఫై ఏళ్ళకు పైగా సండే స్కూలు చూశాను, అయ్యగారు ఊళ్ళో లేని ఆదివారాల్లో వాక్యం చెప్పాను. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు చాలామందే. అడిగేది ఎప్పుడూ నీలాంటి పిల్లలే. కానుకల లెక్కలో తేడా చేసినవాడు ఒక్కడూ నా దగ్గరికొచ్చి "నా హృదయం శుద్ధిగా ఉందంటారా పంతులుగారూ" అని అడగలేదు.

నీ ప్రశ్న బైబిల్లో ఇంచుమించు నీ మాటల్లోనే ఉంది. ఉన్నదంతా పోగొట్టుకున్న భక్తుడు యోబు కథ, 1:9 తీసి చూడు. "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు గలవాడాయెనా?" ఊరకే అంటే ఏమీ ముట్టకుండానే. చుట్టూ కంచె వేశావు, చేసిన పనల్లా దీవించావు, అందుకే మొక్కుతున్నాడు, ఉన్నది తీసెయ్యి, అప్పుడు చూద్దాం అంటున్నాడు. ఎవరు? సాతాను. దేవుడు ఆ ప్రశ్న వెయ్యలేదు. అంతకు ముందు వచనంలోనే ఆయన "నా సేవకుడైన యోబు" అని చూపించి మురిసిపోయాడు. వరుస గమనించు. మురిపెం ముందు, పరీక్ష తర్వాత. అర్ధరాత్రి నీ చెవిలో "ఊరకే పాడావా?" అని అడిగే గొంతు దేవునిదేనని నువ్వు నమ్మేశావు. నాకు ఆ నమ్మకం లేదు.

ఇంకో సంగతి. అక్కడ "ఊరకయే" అన్నచోట మూలంలో ఉన్న హెబ్రీ మాటే రెండో అధ్యాయంలో మళ్ళీ వస్తుంది. ఈసారి దేవుని నోట. "నిష్కారణముగా" యోబును పాడుచేయడానికి నన్ను ప్రేరేపించావే అంటాడు సాతానుతో. మాట ఒకటే. ఊరకే ప్రేమించేవాడు లోకంలో ఉండడన్నవాడే ఊరకే హింసించాడు. పోనీ యోబు కోరికలన్నీ చంపుకుని మౌనంగా కూర్చున్నాడా? పుట్టిన దినాన్ని శపించాడు, పోయినవాటి కోసం ఏడ్చాడు, దేవుడితో వ్యాజ్యమాడతానన్నాడు. చివరి అధ్యాయంలో మాత్రం, నన్ను గూర్చి యుక్తమైనది పలికింది ఇతనేనని దేవుడే అన్నాడు. భక్తి మాటలు చక్కగా అప్పజెప్పిన ముగ్గురు స్నేహితుల మీద కోపపడ్డాడు.

ఇప్పుడు శుద్ధి సంగతి. మత్తయి 5:8లో ఉన్న గ్రీకు మాట కథరోస్. పొట్టూ చెత్తా లేని గోధుమలకు కూడా ఆ రోజుల్లో అదే మాట వాడేవారు. అంటే వేరేది కలవనిది. ఇక్కడే చాలామంది పొరబడతారు. అవసరాన్ని కల్తీ అనుకుంటారు. పాలల్లో నీళ్ళు కలిపినవాడు దొంగ గానీ, పాలమ్ముకుని బతికేవాడు దొంగ కాదు గదా. తండ్రి దగ్గరికెళ్ళి అన్నం పెట్టమనడం కల్తీ కాదు. అన్నం కోసం వెళ్ళి "నిన్ను చూడాలనే వచ్చాను నాన్నా" అనడం కల్తీ. "మీ ప్రేమ నిష్కపటమైనదై యుండవలెను" అని పౌలు రోమా సంఘానికి రాసినప్పుడు ఆ నిష్కపటం వెనక ఉన్న గ్రీకు మాట నాటకంవాళ్ళది. వేషం కట్టని ప్రేమ అని. కాబట్టి "ప్రభువా, నాకు ఉద్యోగం కావాలి, రాలేదని కోపంగా ఉంది, ఆమెకొచ్చిందని ఇంకా కోపంగా ఉంది" అని నువ్వు అనగలిగితే, ఆ ప్రార్థన నీ పాటల్లో చాలావాటికన్నా శుద్ధమైనది.

యేసు రొట్టెలు పెట్టిన జనం మర్నాడు ఆయన్ను వెతుక్కుంటూ వస్తే, మీరు సూచనలు చూసి రాలేదు, రొట్టెలు తిని తృప్తి పొందారు గనక వచ్చారు అని మొహం మీదే అన్నాడు. యోహాను 6వ అధ్యాయం. దీనిమీద గద్దింపు వర్తమానాలు చాలా విన్నాను. కానీ ముందురోజు పచ్చిక మీద కూర్చోబెట్టినప్పుడు వాళ్ళ మనసులో ఏముందో ఆయనకు తెలియదా? తెలిసే పెట్టాడు. పన్నెండు గంపలు మిగిలేటట్టు పెట్టాడు. నిన్న తిన్నది కక్కమనలేదు. అంతకన్నా మంచి ఆహారం ఉంది, దానికోసం అడగండి అన్నాడు. మీ సంఘంలో విన్న వర్తమానం ఇలాంటి మాటదాకా వచ్చి ఉంటే నువ్వు నాకు ఉత్తరం రాసేదానివి కాదేమో.

మా అమ్మ మధ్యాహ్నం పూట చేట ముందేసుకుని కూర్చునేది. చెరిగి పొల్లు పోయాక, చేట కాస్త వంచి, బొటనవేలితో బియ్యాన్ని కొద్దికొద్దిగా తోస్తూ, మట్టిబెడ్డ కనబడ్డచోట ఆగి, రెండు వేళ్ళతో తీసి వాకిట్లోకి విసిరేది. చత్వారం వచ్చాక వెలుతురు ఎటు జరిగితే అటు తనూ చేటతో సహా జరిగేది. రాళ్ళున్నాయని కోపమొచ్చి ఆ బియ్యాన్ని పారబోసిన రోజు లేదు. బియ్యం తన రాళ్ళు తనే ఏరుకున్న రోజూ లేదు. దావీదు 51వ కీర్తనలో "శుద్ధహృదయము కలుగజేయుము" అన్నప్పుడు వాడిన క్రియ ఆదికాండం మొదటి వచనంలో "సృజించెను" అన్నదే. హెబ్రీ బైబిల్లో ఆ రూపంలో ఆ క్రియకు కర్త ఎప్పుడూ దేవుడే. నువ్వు రాత్రిళ్ళు మేలుకుని చేస్తున్నది ఆ చేటలో ఉండి చేటను లాక్కోవడం.

ఈ ముడి వేసుకున్నదాంట్లో నువ్వు మొదటిదానివేం కాదు, పెద్దపెద్దవాళ్ళే వేసుకున్నారు. ఫ్రాన్సులో ఫెనెలాన్ అనే ఆర్చ్‌బిషప్పు ఉండేవాడు, పదునాలుగో లూయీ మనవడికి చదువు చెప్పినవాడు. ఏ లాభమూ, చివరికి మోక్షం కూడా ఆశించని ప్రేమే స్వచ్ఛమైన ప్రేమని 1697లో ఒక పుస్తకం రాశాడు. దేవుడు నన్ను నరకానికి పంపినా ప్రేమిస్తాను అనగలగాలన్నంత దూరం పోయింది ఆ ఆలోచన. బొస్యూయే అనే ఇంకో బిషప్పు విరుచుకుపడ్డాడు. చివరికి 1699లో పోపు పన్నెండో ఇన్నొసెంటు ఆ పుస్తకంలోంచి 23 వాక్యాలను తప్పుపట్టాడు. ఫెనెలాన్ మారు మాట్లాడకుండా లోబడ్డాడు. నాకు ఆ మనిషంటే గౌరవమే. కానీ ఆకలి లేనట్టు నటించే పిల్లవాడు తల్లిని ఎక్కువ ప్రేమిస్తున్నట్టా? తల్లికి అది ఆనందమా? ఆశలన్నీ తీసేశాక మిగిలేది ప్రేమేనని చెప్పలేం, బింకం కూడా కావచ్చు. యోహాను లెక్క తేలికైంది. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము." గనుక అన్న మాట మీద వేలు పెట్టుకుని చదువు. మన ప్రేమకు కారణం ఉంది, ఉండాలి. ఆయన ప్రేమకే కారణం లేదు.

దాంతో నీ రెండో ప్రశ్నకొచ్చాం. నన్ను చూసి సంతోషిస్తాడా?

మన సంఘాల్లో హెప్సిబాలకూ బ్యూలాలకూ కొదవ లేదు. ఒక ఏడాది నా సండే స్కూలు హాజరుపట్టీలో ముగ్గురు హెప్సిబాలు, ఇద్దరు బ్యూలాలు. ఇంటిపేరు కలిపి పిలిస్తేగానీ ఎవరూ పలికేవారు కాదు. ఆ పేర్ల అర్థమేమిటని అడిగితే ఆ పిల్లలకే కాదు, పెట్టిన తల్లిదండ్రులకూ తెలియదు. యెషయా 62:4లో ఉన్నాయి రెండూ. హెప్సీబా అంటే "నా ఇష్టం ఈమెలోనే ఉంది" అని. బ్యూలా అంటే వివాహిత. ఎవరికి పెట్టాడు ఆ పేర్లు? విడువబడినదని, పాడైనదని పేరుపడ్డ సీయోనుకు, అంటే యెరూషలేముకు. గోడలు కట్టడం పూర్తిచెయ్యి, అప్పుడు పేరు పెడతానని చెప్పలేదు. తర్వాతి వచనంలో, పెండ్లికుమారుడు పెండ్లికూతుర్ని చూసి సంతోషించినట్లు నీ దేవుడు నిన్నుగూర్చి సంతోషిస్తాడంటాడు. పెళ్ళిపీటల మీద తెర తీసిన క్షణంలో పెళ్ళికొడుకు మొహం ఎప్పుడైనా చూశావా? అక్కడ మార్కులు వేసే చూపు ఉండదు.

జెఫన్యా మూడే అధ్యాయాల పుస్తకం, యోషీయా రాజు కాలంనాటిది. మొదటి అధ్యాయం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. "నేను దీపములు పట్టుకొని యెరూషలేమును పరిశోధింతును" అంటాడు దేవుడు. మడ్డిమీద నిలిచిన ద్రాక్షారసం లాంటి మనుషుల్ని శిక్షిస్తానంటాడు. నీ భయమంతా ఈ అధ్యాయంలోనే ఆగిపోయింది. పైగా ఆయన చేతిలో దీపం నువ్వు తీసుకుని నీ గుండెలో నువ్వే తిరుగుతున్నావు. మూడో అధ్యాయం 17వ వచనం దాకా రా. ఆ దీపం పట్టుకున్న దేవుడే, "ఆయన బహు ఆనందముతో నీయందు సంతోషించును, నీయందు తనకున్న ప్రేమనుబట్టి శాంతము వహించి నీయందలి సంతోషముచేత ఆయన హర్షించును." మన పాత తర్జుమా "హర్షించును" అని సరిపెట్టింది గానీ, హెబ్రీలో అక్కడున్నది గొంతెత్తిన సంతోషం. కేక అనొచ్చు, పాట అనొచ్చు. "శాంతము వహించి" అన్నచోట మౌనంగా ఉంటాడని ఉంది. ప్రాచీన గ్రీకు తర్జుమాలో మాత్రం "నిన్ను నూతనపరచును" అని ఉంది. హెబ్రీలో ఒకేలా కనబడే రెండు అక్షరాల దగ్గర వచ్చిన తేడా అంటారు. నాకు రెండూ ఇష్టమే. రోజంతా అల్లరి చేసిన పిల్ల ఒళ్ళో నిద్రపోతే తల్లి ఆ అల్లరి లెక్క తియ్యకుండా ఊరుకుంటుందే, ఆ మౌనం. తర్వాత పాట. ఆరేళ్ళుగా ఆయన కోసం నువ్వు పాడుతున్నావనుకుంటున్నావు, ఇటు నుంచి కూడా ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదా?

మా లూథరన్ సంఘానికి పేరిచ్చిన లూథరు సన్యాసిగా ఉన్న రోజుల్లో అచ్చం నీలాగే ఉండేవాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికొచ్చాక ఇంకోటి గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళేవాడు. ఆ మనిషే 1518లో హైడెల్‌బెర్గ్ వాదం కోసం రాసిన దైవశాస్త్ర ప్రతిపాదనల్లో చివరిదిగా ఒక మాట రాశాడు. దేవుని ప్రేమ తనకు నచ్చినదాన్ని వెతుక్కోదు, సృష్టించుకుంటుంది, మనిషి ప్రేమైతే నచ్చినదాన్ని చూశాక పుడుతుంది అని. ఆ ఒక్క వాక్యం కోసం నేను లూథరన్‌గా పుట్టినందుకు సంతోషపడిన రోజులున్నాయి. (మిగతా రోజుల్లో మా సంఘం కమిటీ ఎన్నికలు చూసి బాధపడ్డాను, అది వేరే కథ.)

అయితే ఏం చేసినా ఆయనకు సంతోషమేనా అని అడుగుతారు. కాదు. "దేవుని పరిశుద్ధాత్మను దుఃఖపరచకుడి" అని ఎఫెసీ పత్రికలో ఉంది. దుఃఖం ప్రేమున్నచోటే వస్తుంది. ఎదురింటి పిల్లవాడు అబద్ధమాడితే నాకు దుఃఖం రాదు. అదే వచనం రెండో సగంలో మీరు ఆయనలో ముద్రింపబడ్డారని ఉంది చూడు. నొప్పించగలవు, ముద్ర చెరపలేవు.

ఇప్పుడు ఆ చప్పట్ల దగ్గరికి వద్దాం. అసలు పుండు అక్కడే.

ఒక క్రిస్మస్‌కి మా సంఘంలో వర్తమానం నాకివ్వకుండా, నా దగ్గరే సండే స్కూల్లో చదువుకున్న కుర్రాడికిచ్చారు. బాగా చెప్పాడు, నాకన్నా బాగా. అందరూ "ఆమేన్" అంటుంటే నేను వాడి రెఫరెన్సుల్లో తప్పులు వెతుకుతున్నాను. ఒకటి దొరికింది, అధ్యాయం తప్పు చెప్పాడు. అది దొరికినందుకు ఆ రోజు నాకు కలిగిన ఆనందం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంటికెళ్ళి భోజనం దగ్గర మా ఆవిడతో ఆ తప్పు గురించే మాట్లాడాను. ఆమె పప్పు వడ్డిస్తూ, "పెద్దకొడుకు బయటే ఉన్నాడన్నమాట" అంది. అంతే అంది.

లూకా 15వ అధ్యాయం, ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేసే కథ. పెద్దవాడు పొలం నుంచి వస్తుంటే ఇంట్లోంచి పాటలు వినబడ్డాయి, లోపలికి పోలేదు. "ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అన్నాడు. తప్పిపోయి వచ్చినవాడి కోసం తండ్రి పరుగెత్తాడని అందరూ చెబుతారు. వీడి కోసమూ బయటికొచ్చాడు, బతిమాలుకున్నాడు. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు" అన్నాడు. మండిపడుతున్నవాణ్ణి అలా పిలిచాడు. వాడు లోపలికి వెళ్ళాడో లేదో లూకా రాయలేదు. నువ్వూ నేనూ నిలబడ్డ వాకిలి అదే గనక రాయలేదేమో.

స్వచ్ఛమైన ప్రేమ ఎలా ఉంటుందో రెండు చోట్ల చూశాను, ఒకటి పుస్తకాల్లో, ఒకటి కళ్ళారా. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తిరునెల్వేలి నుంచి మన దోర్నకల్‌కి వచ్చి, తెలుగు నేర్చుకుని పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య అక్కడ మాట్లాడాడు. రెండేళ్ళ తర్వాత ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయ్యాడు. దొరల సభలో నిలబడి, ప్రేమ లేకపోతే అన్నీ వ్యర్థమని చెప్పే 1 కొరింథీ 13ను వాళ్ళ ముందే తిప్పి చదివాడు. బీదల్ని పోషించడానికి మీ ఆస్తులిచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలిచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్నివ్వండి అన్నాడు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య బల్ల ఎత్తు తేడా ఉంటే ఆ ఇవ్వడంలో ఏదో కలిసినట్టే. దొరల్ని అనడం తేలికలే. మనం ఒకే గిన్నెలోంచి ప్రభురాత్రి భోజనం తీసుకుని, పెళ్ళి సంబంధం మాటకొచ్చేసరికి పాత కులాల లెక్కలు తీస్తున్నాం.

రెండోది మా ఊళ్ళో ఒక ముసలమ్మ. ఎసరు పెట్టిన ప్రతిసారీ కడిగే బియ్యంలోంచి గుప్పెడు తీసి పొయ్యి పక్కన ముంతలో వేసేది, ఆదివారం ఆ ముంత చీరకొంగులో ఒంపుకుని గుడికి తెచ్చేది. కొడుకు ఎటో వెళ్ళిపోయాడు, మోకాళ్ళు పట్టేశాయి. చిన్నతనపు పొగరుతో ఒకసారి అడిగాను, ఇంత ఇస్తున్నావు గదా, ఆయన నీకేమిచ్చాడు అవ్వా అని. "అడగటానికైతే రోజూ అడుగుతానయ్యా. మోకాళ్ళు బాగుచెయ్యమంటా, ఆణ్ణి ఇంటికి పంపమంటా. ఈ బియ్యం దానికి గాదు. ఇంట్లో మనిషి గదా ఆయన, ఇది ఆయన వంతు" అంది. కొడుకు రాలేదు. ముంత ఆగలేదు.

నీ మొక్కు సంగతి. మొక్కుకోవడం తప్పు కాదు, బైబిల్లో హన్నా కూడా బిడ్డ కోసం మొక్కుకుంది. కానీ రాని జీతం గురించి ఆలోచన ఆపి, ఉన్నదాంట్లోంచి ఆయన వంతు తియ్యడం మొదలుపెట్టు, ట్యూషన్ డబ్బులైనా సరే. ఎవరికీ చెప్పొద్దు, సాక్ష్యంలో అసలే చెప్పొద్దు. ఉద్యోగం కోసం అడగడం మానొద్దు, ఈసారి రాలేదన్న ఏడుపు కూడా ఆయన దగ్గరే ఏడువు. నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకో. ప్రార్థన చేసేవాళ్ళకు డాక్టరెందుకని ఎవరైనా అంటే వాళ్ళ బీపీ మాత్రలు ఎక్కడ పెట్టుకున్నారో అడుగు.

ఇక ఆ అమ్మాయి. ఆమె పట్ల నీ మనసు శుద్ధి అయ్యేదాకా ఆగితే, పాపం ఆమె రిటైరైపోతుంది. శనివారం ప్రాక్టీసుకి కాస్త ముందే వెళ్ళు. వీలైతే దారిలో పావుకిలో మైసూర్‌పాక్ తీసుకో. మనస్ఫూర్తిగా అభినందిస్తున్నానని అబద్ధమాడకు. "నాకు రాలేదని ఏడ్చాను, నీకొచ్చిందని కుళ్ళుకున్నాను కూడా, అయినా ఇది తిను" అను. తర్వాత ఎప్పుడూ నిలబడే చోటే, ఆమె పక్కనే నిలబడి పాడు.